మోతకు కారణమేది? న్యాయశాస్త్ర రీతిలో ఒక గృహయంత్ర విచారణ

జగత్తులో జరిగే ప్రతి కార్యానికీ ఈశ్వరేచ్ఛా, జీవుల అదృష్టమూ కారణాలని నమ్మే మనిషి తన ఇంట్లో ఎదురైన ఒక చిన్న కార్యానికి మరొక కారణాన్ని వెతకవలసిన అవసరం ఉందా, వెతికితే అది అతని విశ్వాసానికి లోటు తెస్తుందా, వెతకకపోతే అతని బుద్ధికి లోటు తెస్తుందా అన్నది భారతీయ దర్శనాల్లో చాలాకాలంగా చర్చలో ఉన్న ప్రశ్న. ఇక్కడ అదృష్టమంటే చేసిన కర్మలవల్ల ఆత్మలో నిలిచి, కంటికి కనబడకుండా ఉండి, కాలం వచ్చినప్పుడు సుఖదుఃఖాలుగా ఫలించే పుణ్యపాపాలని శాస్త్రకారుల అర్థం. ఈ ప్రశ్నను జననమరణాలనూ మహారోగాలనూ ముందుంచుకుని చర్చించడం వాడుక. అయితే అంత పెద్ద విషయాల్లో మనిషి ఇచ్చుకున్న సమాధానం సరైనదో కాదో తేల్చుకునే వీలు చాలా తక్కువ. అదే ప్రశ్నను ఇంట్లో రోజూ తిరిగే ఒక యంత్రం దగ్గర వేస్తే సమాధానం నిలుస్తుందో లేదో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది కనుక, వాషింగ్ మెషీన్ బట్టలు పిండేవేళ చేసే విపరీతమైన మోతను ఈ వ్యాసం విచారణకు విషయంగా తీసుకుంటోంది.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైబడి ఉన్నారు. ఆ దేశంలో చాలా అద్దె ఇళ్లకు వాషింగ్ మెషీన్‌ను అద్దెకు దిగినవారే తెచ్చుకోవాలి గనుక, కొత్తగా స్థిరపడుతున్న కుటుంబం ఇల్లు మారిన ప్రతిసారీ ఆ యంత్రం కూడా వ్యాను ఎక్కి, దిగి, లాండ్రీ అని పిలిచే చిన్న గదిలోనో గ్యారేజీ మూలలోనో కొత్త నేల మీద నిలుస్తుంది. కొంతకాలానికి అది పిండే దశలో దడదడలాడుతూ, ఉన్నచోటు నుంచి జరుగుతూ, పక్కగదిలో నిద్రపోయేవారిని లేపేంత మోత చేసినప్పుడు సాధారణంగా వినబడే మాటలు మూడు: అది పాతబడిపోయిందనీ, మన రోజులు బాగా లేవనీ, ఎవరి దిష్టో తగిలిందనీ. ఈ మూడింటిలో ఏ మాటతో విచారణ ఆగినా ఫలితం ఒక్కటే. పురపాలక సంఘం పెద్ద చెత్తను తీసుకువెళ్లే రోజున యంత్రం వీధి అంచుకు చేరుతుంది, దాని స్థానంలో కొత్తది వస్తుంది, పాతదాని మోతకు కారణం ఎవరికీ తెలియకుండానే మిగిలిపోతుంది.

ఈ మూడు మాటలూ అబద్ధాలని తోసిపుచ్చడం తేలికే కానీ, భారతీయ తర్కదర్శనమైన న్యాయశాస్త్రం అంతకంటే సూక్ష్మమైన పని చేస్తుంది. 17వ శతాబ్ది వాడని పండితులు భావించే తెలుగువాడైన అన్నంభట్టు, ఈనాటికీ తర్కం నేర్చుకునేవారికి మొదటి పాఠ్యగ్రంథంగా ఉన్న తర్కసంగ్రహంలో, కార్యానికి ముందు తప్పనిసరిగా ఉంటూ, అన్యథాసిద్ధం కానిదే కారణమని నిర్వచించాడు. అన్యథాసిద్ధం అంటే కార్యానికి ముందు ఉన్నా కార్యం పుట్టడానికి దాని అక్కర లేనిది. కుండ తయారు కావడానికి ముందు కుమ్మరి తండ్రి ఉన్న మాట నిజమే గానీ, కుండకు కారణం కుమ్మరే తప్ప అతని తండ్రి కాడు. ఈ విధంగా వడగట్టగా మిగిలిన కారణాలను నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, మళ్లీ రెండుగా విడదీశారు. ఏ కార్యం పుట్టినా వెనుక ఉండేవి సాధారణ కారణాలు. ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఇచ్ఛ, కృతి, కాలం, దిక్కు, అదృష్టం, ప్రాగభావం (కార్యం పుట్టకముందు ఉండే దాని లేమి) అని వీటిని ఎనిమిదిగా లెక్కించి, కొందరు ఆటంకం లేకపోవడాన్ని తొమ్మిదవదిగా చేర్చారు. ఒకానొక కార్యానికి మాత్రమే ప్రత్యేకంగా పనికివచ్చేది అసాధారణ కారణం. కాలమూ అదృష్టమూ కారణాలు కావని న్యాయశాస్త్రం అనదు; అవి అన్నిటికీ కారణాలే కనుక ఈ ఒక్కదాని విశేషాన్ని వివరించలేవని అంటుంది. యంత్రం నిన్న నిశ్శబ్దంగా తిరిగినప్పుడూ కాలం ఉంది, ఈశ్వరేచ్ఛ ఉంది. పొరుగింట్లో అదే వయసున్న యంత్రం ఇవాళ నిశ్శబ్దంగా తిరుగుతున్నప్పుడూ అవి ఉన్నాయి. నిన్నటికీ నేటికీ, ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుమ ఉన్న తేడా ఏదో దానినే మోతకు కారణంగా చెప్పాలి, మిగిలినవన్నీ చెప్పినా చెప్పనట్టే.

ఈ వాదం నాస్తికుల నుంచి వచ్చింది కాదన్న సంగతి ముఖ్యం. ఈశ్వరుడున్నాడని తర్కంతో నిరూపించడానికి అందరికంటే ఎక్కువగా శ్రమించినది న్యాయదర్శనమే. 10వ శతాబ్ది చివరిభాగంలో రచనలు చేసిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో జగత్తు కార్యం కాబట్టి దానికి కర్త ఉండి తీరాలని వాదించాడు. కార్యం నుంచి కారణానికి వెళ్లే దారిలోనే ఈశ్వరుణ్ణి చేరుకున్నవారు ఆ దారిని చిన్న కార్యాల దగ్గర మూసివేయడం కుదరదు. అందువల్లనే నైయాయికులూ, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులూ కూడా, కనబడే కారణం చాలినచోట కనబడని కారణాన్ని కల్పించడం తగదన్న నియమాన్ని పాటించారు. అదృష్టం మనిషి మనిషికీ వేరు గనుక ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఉన్న తేడాను అదే వివరించవచ్చు గదా అని ఎవరైనా ఆక్షేపిస్తే, అదృష్టం కూడా ఏదో ఒక దృష్టసాధనం, అంటే కనబడే ఉపకరణం ద్వారానే ఫలిస్తుందన్నది సమాధానం. దుఃఖం రాసిపెట్టి ఉన్నా అది సడలిన నట్టు రూపంలోనో, అరిగిన బేరింగు రూపంలోనో రావాలి. ఆ రూపమేమిటన్న ప్రశ్న అప్పుడు కూడా అలాగే మిగిలి ఉంటుంది.

ఆ రూపాన్ని గుర్తించాలంటే యంత్రపు స్వభావం తెలియాలి. ముందు తలుపున్న ఫ్రంట్ లోడ్ యంత్రంలో బట్టలు వేసే చిల్లుల డ్రమ్ము, నీటిని నిలిపే మరొక పెద్ద తొట్టిలోపల తిరుగుతుంది. ఆ తొట్టి పైనుంచి స్ప్రింగులకు వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆని, తూకం కోసం బిగించిన కాంక్రీటు దిమ్మలను మోస్తూ ఉంటుంది. డ్రమ్ము వెనుక మూడు చేతుల లోహపు చట్రం, దాని ఇరుసు, ఆ ఇరుసును పట్టి తిప్పనిచ్చే బేరింగులు, బేరింగుల్లోకి నీరు పోకుండా ఆపే రబ్బరు సీలు ఉంటాయి. పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్ యంత్రంలో తొట్టిని నాలుగు మూలల నాలుగు కడ్డీలు స్ప్రింగులతో పట్టుకుంటాయి. అన్నంభట్టు గుణాల్లో ఒకటైన సంస్కారాన్ని వేగమనీ, భావన అనీ, స్థితిస్థాపకమనీ మూడుగా విభజించాడు. భావన జ్ఞాపకానికి మూలమైన మనోవాసన, వేగం కదిలేదాన్ని కదలిస్తూ ఉండే గుణం, స్థితిస్థాపకం వంచినదాన్ని మళ్లీ పూర్వస్థితికి తెచ్చే గుణం. ఈ యంత్రం పనంతా వేగానికీ స్థితిస్థాపకానికీ మధ్య జరిగే సర్దుబాటే. డ్రమ్ముకు వేగం ఎంత పెరిగితే స్ప్రింగుల స్థితిస్థాపకం అంత సమర్థంగా ఉండాలి, స్ప్రింగులు తెచ్చే ఊగిసలాటను షాక్ అబ్జార్బర్లు అంత త్వరగా అణచాలి. శబ్దం విషయానికి వస్తే, అది సంయోగం వల్ల, అంటే రెండు వస్తువులు తగలడం వల్ల, విభాగం వల్ల, అంటే అంటి ఉన్నవి విడిపోవడం వల్ల, లేదా ముందు పుట్టిన శబ్దం వల్ల కలుగుతుందని తర్కశాస్త్రం చెబుతుంది. అందుచేత మోత విన్నప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న, ఏది దేనికి తగులుతోందన్నదే.

ఆ తగులుడుకు వెనుక ఉన్న బలం ఎంతటిదో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తడిసిన బట్టలు డ్రమ్ములో ఒకవైపు అరకిలో ఎక్కువగా పేరుకుని, ఆ బరువు ఇరుసుకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉండి, డ్రమ్ము నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, అది ఇరుసును బయటికి లాగే బలం దాదాపు 140 కిలోల బరువుకు సమానమవుతుంది. ఆ లాగుడు దిశ మారుతూ సెకనుకు 16 సార్లకు పైగా చుట్టివస్తుంది. చుట్లు సగానికి, అంటే 500కు తగ్గితే బలం సగం కాదు, నాలుగో వంతుకు, 35 కిలోలకు పడిపోతుంది. 1400కు పెరిగితే 275 కిలోలకు చేరువవుతుంది. అయినా మంచి యంత్రం నిలకడగా ఉండడానికి కారణం, వేగం ఒక హద్దు దాటాక వేలాడే తొట్టి తన బరువుల కేంద్రం చుట్టూ తిరగడానికి సర్దుకోవడం. ఆ హద్దు చాలా తక్కువ వేగంలోనే ఉంటుంది గనుక, పిండడం మొదలైన కొద్ది క్షణాలు ఊగి తర్వాత కుదుటపడడం దోషం కాదు. టాప్ లోడ్ యంత్రాల డ్రమ్ము పై అంచున సాధారణంగా ఉప్పునీరు కొంతవరకు నింపిన ఒక వలయం ఉంటుంది. వేగం పెరిగాక అందులోని నీరు బరువు ఎక్కువైన వైపుకు ఎదురుగా చేరి తూకాన్ని సరిచేస్తుంది. పైకి అదృష్టంలా కనబడే ఈ నిలకడ వెనుక ఇంత కచ్చితమైన కారణసామగ్రి ఉన్నప్పుడు, నిలకడ తప్పడానికి కూడా అంతే కచ్చితమైన కారణం ఉండక తప్పదు.

విచారణ సంశయంతో మొదలవుతుంది. ఒకే వస్తువులో పరస్పరం పొసగని ధర్మాలు తోచడమే సంశయమని శాస్త్రం. ఈ మోత నేల దోషమా, బట్టల దోషమా, స్ప్రింగు దోషమా, బేరింగు దోషమా అని మనసు ఊగుతున్న ఈ దశను చాలామంది భరించలేక తొందరపడి నిర్ణయానికి దూకుతారు. అలా దూకినప్పుడు చేతికి దొరికేది హేతువులా కనబడుతూ హేతువు కాని హేత్వాభాసం. పిండేటప్పుడు మోత వస్తోంది కాబట్టి బేరింగు పోయిందన్నది దానికి మంచి ఉదాహరణ; బేరింగు బాగున్నా కాళ్లు ఎత్తుపల్లాలుగా ఉన్న యంత్రం కూడా పిండేటప్పుడే మోత చేస్తుంది గనుక, సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్నచోటా లేనిచోటా కనబడే ఈ హేతువును తార్కికులు సవ్యభిచారం అంటారు. యంత్రం కింద రబ్బరు చాప వేయగానే శబ్దం తగ్గింది కాబట్టి దోషం నేలలోనే ఉందన్నది మరొక తొందరపాటు. చాప శబ్దాన్ని మింగిందే గానీ శబ్దం పుట్టకుండా ఆపలేదు, లోపల ఇరుసు అరగడం అలాగే సాగుతూ ఉంటుంది.

ఎక్కువ బట్టలు వేస్తే మోత వస్తుందన్న ఇంటింటి అనుభవాన్ని కూడా శాస్త్రం ఇలాగే జల్లెడ పడుతుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్నది నిజమైన వ్యాప్తి, అంటే తప్పిపోని సాహచర్యం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్నది మాత్రం నిజం కాదు, ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది గానీ పొగ లేదు. పొగ రావడానికి నిప్పుతో పాటు తడికట్టెల చేరిక కూడా కావాలి, దానినే తార్కికులు ఉపాధి అంటారు. తెలియకుండా షరతుగా నిలిచి, వ్యాప్తి ఉన్నట్టు భ్రమ కలిగించేది ఉపాధి. బట్టల విషయంలో ఉపాధి వాటి పరిమాణం కాదు, ఒకవైపు ముద్దగా చేరడం. చొక్కాలతో లంగాలతో డ్రమ్ము నిండినా అవి చుట్టూ సమంగా పరుచుకుంటే యంత్రం సుఖంగా తిరుగుతుంది. ఆస్ట్రేలియాలో డూనా అని పిలిచే చలికాలపు బొంత ఒక్కటే వేసినా, పంచెకు చీర మెలికపడి తాడులా పెనవేసుకున్నా, బరువంతా ఒకచోట చేరి డ్రమ్ము తొట్టిని ఈడ్చి పక్కగోడకు కొడుతుంది. ఈ ఉపాధిని గుర్తించిన గృహస్థుడు బట్టలు తగ్గించి ఊరుకోడు. బొంతతో పాటు రెండు తువ్వాళ్లు చేర్చి, ముద్దను విడదీసి, బరువును పంచుతాడు. కొన్ని సందర్భాల్లో బట్టలు తగ్గించడం కాక కలపడమే చికిత్స అవుతుందన్న సంగతి, ఉపాధిని కారణం నుంచి విడదీసినవారికే తోస్తుంది.

ఇక అన్వయవ్యతిరేకాలు, అంటే కారణం ఉన్నప్పుడు కార్యం ఉండడం, అది లేనప్పుడు కార్యం లేకపోవడం అనే రెండు పరీక్షలు. వీటిని లాఘవక్రమంలో, అంటే తక్కువ కల్పనతో పోయేదాని నుంచి మొదలుపెట్టి చేయడం తర్కసంప్రదాయం. మొదట బట్టలు లేకుండా యంత్రాన్ని పిండే దశలో తిప్పాలి. మోత ఆగితే దోషం బట్టల అమరికలో ఉంది. ఆగకపోతే కరెంటు ప్లగ్గు తీసి, మేస్త్రీలు వాడే రసమట్టాన్ని యంత్రం మీద నిలువుకూ అడ్డానికీ పెట్టి చూడాలి. ఎదురెదురు మూలలను చేతులతో నొక్కినప్పుడు యంత్రం తూగితే ఏ కాలు నేలకు ఆనలేదో తెలుస్తుంది, ఆ కాలిని మరతిప్పి దించి, దాని నట్టును గట్టిగా బిగించాలి. క్వీన్స్‌ల్యాండ్‌లో స్తంభాల మీద లేపి కట్టిన పాత చెక్క ఇళ్లలో నేలే స్ప్రింగులా ఊగుతుంది గనుక, దూలం మీదికి వచ్చేచోట యంత్రాన్ని నిలపడం మేలు. కొత్తగా కొన్న యంత్రమో ఇల్లు మారిన యంత్రమో అయితే వెనుకవైపు చూడాలి. ప్రయాణంలో తొట్టి ఊగకుండా బిగించే ట్రాన్సిట్ బోల్టులను తీయడం మరిచిపోతే స్ప్రింగులకు పనిలేకుండా పోయి యంత్రం మొత్తం ఎగిరిపడుతుంది, వాటిని బిగించకుండా వ్యానులో తరలిస్తే స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ దెబ్బతింటాయి. ఆ తర్వాత తొట్టిని కిందికి నొక్కి వదలాలి. ఒక్కసారి లేచి కుదుటపడితే షాక్ అబ్జార్బర్లు బాగున్నట్టు, ఊయలలా ఊగుతూనే ఉంటే అవి అరిగిపోయినట్టు. చివరగా డ్రమ్ము పెదవిని పట్టుకుని పైకి లేపి చూడాలి. డ్రమ్ముతో పాటు తొట్టి కూడా కదిలితే అది సహజమే, తొట్టి కదలకుండా డ్రమ్ము ఒక్కటే టకటకమని ఎగదిగుతుంటే దోషం బేరింగులోనో చట్రంలోనో ఉంది. మెల్లగా చేతితో తిప్పినప్పుడు లోపల ఇసుక నలుగుతున్నట్టు వేళ్లకు తెలిసే గరగర ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది; చుట్టుకు ఒక్కసారే వినబడే టిక్కుమనే చప్పుడు మాత్రం సందులో చిక్కిన రెండు డాలర్ల నాణెం చేసే పని కావచ్చు, నీరు బయటికి పోయేటప్పుడు మాత్రమే వచ్చే గలగల పంపులో పడినదాని పని కావచ్చు.

ఈ పరీక్షలన్నీ దాటి వచ్చిన జ్ఞానాన్ని ఇతరులకు ఒప్పించేలా చెప్పడానికి న్యాయశాస్త్రం పంచావయవ వాక్యాన్ని ఏర్పరచింది. ఈ యంత్రపు బేరింగు చెడిందన్నది ప్రతిజ్ఞ; ఖాళీగా తిరిగినా వేగంతో పాటు పెరిగే గర్జన, తొట్టి కదలకుండా డ్రమ్ము ఎగదిగడం కలిసి ఉన్నందువల్ల అన్నది హేతువు; ఈ రెండూ కలిసి కనబడిన యంత్రాల్లో బేరింగు చెడి ఉంటుంది, మరమ్మతుకు విప్పిన ఫలానా యంత్రంలోలాగ అన్నది ఉదాహరణ; ఈ యంత్రంలోనూ ఆ రెండు లక్షణాలూ అలాగే ఉన్నాయన్నది ఉపనయం; కాబట్టి దీని బేరింగు చెడిందన్నది నిగమనం. ఉదాహరణ అనే మూడవ అవయవాన్ని శాస్త్రకారులు తప్పనిసరి చేయడంలో ఒక వినయం ఉంది. ఎంత పదునైన బుద్ధి అయినా ముందు ఎక్కడో చూసినదాని ఆధారంగానే మాట్లాడాలని, చేతిపని తెలిసినవారి అనుభవాన్ని తర్కంలో భాగంగా లెక్కించాలని దాని భావం. వందల యంత్రాలు విప్పిన మెకానిక్కు చెప్పే మాటకు విలువ రావడం ఆ అవయవం వల్లనే.

పాతబడిపోయిందన్న మాటకు అత్యంత నిశితమైన సమాధానం వైద్యశాస్త్రంలో దొరుకుతుంది. చరకసంహిత విమానస్థానంలో అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయుణ్ణి, ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటే అకాలమృత్యువన్న మాటకు అర్థమేమిటని అడిగినప్పుడు, ఆత్రేయుడు బండి ఇరుసును చూపి బదులిచ్చాడు. మంచి గుణాలున్న ఇరుసు సరైన పద్ధతిలో నడిచినప్పుడు తన ప్రమాణం ఉన్నంతవరకు నడిచి క్రమంగా అరిగి ముగుస్తుంది, అది కాలమృత్యువు. అదే ఇరుసు అతిభారం మోసినందువల్ల, ఎగుడుదిగుడు దారిలో పోయినందువల్ల, తోలేవాడి తప్పువల్ల, కందెన వేయనందువల్ల నడుమనే విరుగుతుంది, అది అకాలమృత్యువు. అతిభారం, విషమమైన నేల, కందెన లేమి అన్న ఈ కారణాలు ఈనాటి వాషింగ్ మెషీన్ ఇరుసుకూ అక్షరాలా వర్తిస్తాయి. సీలు చినిగి నీరు చేరగా కందెన కొట్టుకుపోయి, వెనుక తుప్పుచారలు దిగిన బేరింగు ఆత్రేయుడు చెప్పిన ఇరుసే. దైవం ఒక్కటే సర్వమూ నిర్ణయిస్తే మందులూ వైద్యులూ ఎందుకన్న ప్రశ్నను చరకుడు దాటవేయలేదు. దైవమూ పురుషకారమూ, అంటే పూర్వకర్మా ఇప్పటి ప్రయత్నమూ కలిసి ఆయుష్షును నిర్ణయిస్తాయని నిలబెట్టాడు. ఆ దృష్టితో చూస్తే, పాతబడిందని చెప్పే ముందు ఈ అరుగుదల కాలమృత్యువా, అకాలమృత్యువా అని తేల్చడం ప్రతి యజమానికీ విధి అవుతుంది. తేల్చకుండా పారవేయడం నిందితుడి మాట వినకుండా శిక్ష వేయడంతో సమానం.

అయితే విచారించే హక్కు ఉన్న ప్రతివాడికీ విప్పే హక్కు ఉండదు. మన శాస్త్రాలు ప్రతి విద్యకూ ముందుగా అధికారి ఎవరో, అంటే ఆ పనికి తగినవాడెవరో నిర్ణయిస్తాయి. ఆస్ట్రేలియాలో ఆ నిర్ణయం చట్టం చేసింది. క్వీన్స్‌ల్యాండ్ 2002 విద్యుత్ భద్రతా చట్టం విద్యుత్ ఉపకరణాల మరమ్మతును లైసెన్సు ఉన్నవారే చేయవలసిన విద్యుత్ పనిగా పరిగణిస్తుంది. విద్యుత్ భాగాలు కానివాటి మీద, కరెంటు ప్రమాదానికి లోనుకాకుండా చేసే పనిని మాత్రం మినహాయిస్తూ, దానికి వాషింగ్ మెషీన్ బెల్టు మార్చడాన్నే ఉదాహరణగా ఇస్తుంది. కాళ్లు సరిచేయడం, బరువు పంచడం, బోల్టులు చూసుకోవడం, పంపు జల్లెడ శుభ్రం చేయడం గృహస్థుడి అధికారంలో ఉన్నవి. 230 వోల్టుల తీగలూ, ప్లగ్గు తీసినా కొంతసేపు విద్యుత్తును నిలుపుకునే కెపాసిటర్లూ అతని అధికారంలోవి కావు. దోషం ఒక ఇంటిది కాక ఒక నమూనాదే అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. 2013లో శామ్‌సంగ్ సంస్థ ఆస్ట్రేలియాలో అమ్మిన టాప్ లోడ్ యంత్రాల్లో కొన్ని నమూనాలను, లోపలి విద్యుత్ భాగాలకు తేమ చేరి మంటలు రేగే ప్రమాదం ఉన్నందున వెనక్కి పిలిచింది. ఆ యంత్రాలు లక్షా నలభై వేలకు పైమాటే. అన్ని వేల ఇళ్లలోని మనుషుల పుణ్యపాపాలు ఒక్కటై ఉండవు, వారి యంత్రాల అమరిక మాత్రం ఒక్కటే. కారణం ఎక్కడుందో ఆ పోలికే చూపించింది.

కారణం తెలిసినా దానిని చేరుకోనివ్వని నిర్మాణం ఈ కాలంలో పుట్టిన కొత్త చిక్కు. ఇప్పటి యంత్రాలు చాలావాటిలో ప్లాస్టిక్ తొట్టి రెండు సగాలనూ విప్పడానికి వీల్లేకుండా అతికించివేయడం వల్ల, చిన్న బేరింగు చెడినా తొట్టి మొత్తం మార్చవలసి వస్తుంది, అందుకయ్యే ఖర్చు చూసి యజమాని యంత్రాన్నే వదులుకుంటాడు. 2011 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం, కొనుగోలుకు ముందే కాదని తెలియజేస్తే తప్ప, మరమ్మతు సదుపాయాలూ విడిభాగాలూ సమంజసమైన కాలం వరకు అందుబాటులో ఉండాలని హామీ ఇస్తుంది. ఆ దేశపు ఉత్పాదకతా కమిషన్ మరమ్మతు హక్కు మీద విచారణ జరిపి 2021లో వెలువరించిన నివేదిక, వస్తువులు ఎంతకాలం మన్నాలో వినియోగదారులకు తెలిసేలా మార్గదర్శకాలు ఉండాలనీ, తయారీదారు నియమించని చోట మరమ్మతు చేయించుకున్నంతమాత్రాన చట్టం ఇచ్చిన హామీలు పోవని వారంటీ పత్రాల్లోనే రాయాలనీ సూచించింది. సిడ్నీలోని మారిక్‌విల్ కేంద్రంగా నడిచే బవర్ వంటి సంస్థలు పాత వస్తువులను బాగుచేసి, బాగుచేయడం నేర్పుతున్నాయి. ఈ ప్రయత్నాలన్నిటి వెనుకా ఉన్న నైతికసూత్రం ఒక్కటే: కారణాన్ని తెలుసుకునే మార్గాన్ని తయారుచేసినవారే మూసివేయకూడదు. తెలుసుకోదగినది తెలియనివ్వకపోవడం ధనహానితో ఆగదు, అది కొన్నవారి బుద్ధిని అవమానించడం.

తుదిగా, చేసిన నిర్ణయం సరైనదని ఎలా తెలుస్తుంది? జ్ఞానం తన ప్రామాణ్యాన్ని తనతోనే తెస్తుందని, తప్పని తేలేవరకు దానిని నమ్మాలని మీమాంసకులన్నారు. దీనిని స్వతఃప్రామాణ్యం అంటారు. జ్ఞానం సరైనదన్న సంగతి బయటి ఆధారంతో, ముఖ్యంగా దానిని అనుసరించి చేసిన పని ఫలించడంతోనే తెలుస్తుందని నైయాయికులన్నారు, ఇది పరతఃప్రామాణ్యం. దూరాన నీరు చూసినవాడి జ్ఞానం నీరు తాగినప్పుడు రుజువైనట్టు, దోషాన్ని ఊహించినవాడి జ్ఞానం యంత్రం కుదురుగా తిరిగినప్పుడు రుజువవుతుంది. అయితే ఒక్కసారి నిశ్శబ్దం కావడం చాలదు. కాలు సరిచేసినరోజే బట్టలు కూడా సమంగా పడి ఉంటే, ఫలానికి నిజమైన కారణం కాలా, బట్టలా అన్న సంశయం తీరలేదు. అందుకే నిజమైన పరీక్షకుడు ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ తిప్పి, అంతకుముందు దడదడలాడించిన బొంతనే తిరిగి వేసి చూస్తాడు. మరమ్మతుకు తత్త్వశాస్త్రంలో ఇంతటి విలువ రావడానికి కారణమిదే. కొత్త యంత్రం కొన్నప్పుడు వచ్చే నిశ్శబ్దం పాత మోతను గురించి ఏమీ నేర్పదు. మరమ్మతు వల్ల వచ్చిన నిశ్శబ్దం మాత్రం ఒక అనుమానం, అంటే హేతువు నుంచి చేసిన ఊహ, యథార్థమని చెబుతుంది. అక్కడ వస్తువు బాగుపడడమూ జ్ఞానం నిర్ధారణ కావడమూ ఒకే క్రియలో జరుగుతాయి. పరీక్ష విఫలమై యంత్రానికి నిజంగానే కాలం తీరిందని తేలినా, అలా తెలుసుకుని విడవడానికీ తెలియక పారవేయడానికీ ధర్మంలో చాలా దూరం ఉంది.

విశ్వాసానికి దీనివల్ల లోటు రాదన్న సంగతిని తెలుగువారి ఆచారమే చెబుతుంది. సిడ్నీ సమీపంలో 1985లో ప్రతిష్ఠ జరిగిన హెలెన్స్‌బర్గ్ శ్రీవేంకటేశ్వరాలయానికి కొత్త కారుతో వెళ్లి పూజ చేయించుకునే కుటుంబం, దసరా నవమినాడు ఇంట్లో కత్తిపీట నుంచి కంప్యూటరు దాకా పనిముట్లకు పసుపుకుంకుమలు పెడుతుంది. ఆ రోజున బొట్టు పెట్టే ముందు పనిముట్టును తుడవడం, తుప్పు రాల్చడం, నూనె రాయడం పూజలోని మొదటి భాగంగానే వస్తున్నాయి. సాధారణ కారణాలకు నమస్కారం, అసాధారణ కారణానికి అన్వేషణ చెల్లించవలసినవి. ఒకటి రెండవదానికి బదులు కాలేదు. ఈశ్వరుడే సమస్తానికీ కారణమని నమ్మేవారు, ఆ సమస్తంలో ఒక్కొక్క కార్యాన్నీ దాని ప్రత్యేక కారణంతో కూర్చి నడిపే క్రమం కూడా ఆయనదేనని నమ్మవలసి ఉంటుంది. ఆ క్రమాన్ని నట్టు దగ్గర, స్ప్రింగు దగ్గర, బేరింగు దగ్గర ఓపికగా చదివేవారు ఆయన పాలనను కాదన్నవారు కారు. దైవం పేరు చెప్పి ఆ చదువును మధ్యలో ఆపేవారే దైవానికి తమ సోమరితనాన్ని అంటగడుతున్నారు. కాబట్టి మోతకు కారణం వెతకడం విశ్వాసి తప్పించుకోవలసిన పని కాదు, అతని విశ్వాసం అతనికి అప్పగించిన పని.